రోజుకు రెండణాలు



'ఎంటర్‌ప్రెన్యూర్' అనే మాటకు మన పత్రికలు చాలాకాలంగా 'పారిశ్రామికవేత్త' అని రాసి సరిపెట్టుకుంటున్నాయి. నాకు ఆ మాట ఎన్నడూ పొసగినట్టు తోచదు. పరిశ్రమ లేనివాడు కూడా ఎంటర్‌ప్రెన్యూర్ కావచ్చు. పెద్ద పరిశ్రమ ఉన్నవాడు కాకపోవచ్చు. ఫ్రెంచి నుండి ఆంగ్లంలోకి వచ్చిన ఆ శబ్దానికి మూలార్థం 'పూనుకొన్నవాడు' అని. ఈ అర్థంలో సంస్కృతాన చక్కని మాట ఒకటి ఉంది: వ్యవసాయం. సంస్కృతంలో వ్యవసాయమంటే నిశ్చయం, పూనిక, ప్రయత్నం. తెలుగులోకి వచ్చేసరికి దానికి అర్థసంకోచం కలిగి, నాగలి పట్టి దున్నే పనికి పేరుగా స్థిరపడింది. సంస్కృతపు వ్యవసాయం మనసులో జరుగుతుంది. తెలుగు వ్యవసాయం కాళ్ళూ చేతులూ చేస్తాయి.

ఈ రెండర్థాలూ ఒకచోట కలిసిన చరిత్ర ఒకటి చెప్పాలని ఈ టపా మొదలుపెట్టాను. ఒక బ్యాంకు తన వ్యాపారంలో కొత్త పద్ధతి తలపెట్టింది. తలపెట్టినవారికి కీర్తి దక్కింది, అది న్యాయమే. అయితే ఆ పద్ధతిని దశాబ్దాల తరబడి ఎండలో వానలో వీధివీధికీ మోసిన మనుషులెవరు, వారి సంగతి ఏమైంది అన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. సాధారణంగా ఆ రెండో భాగాన్ని ఎవరూ రాయరు.

ఈ కథ జరిగిన చోటు ఉడిపి. నేడది కర్ణాటకలో ఉన్నా, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా దక్షిణ కన్నడ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. మన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు కూడా 1953 వరకు ఆ రాష్ట్రంలోనివే. అందుచేత ఆ రోజులలో ఉడిపివారూ బందరువారూ ఒకే ప్రభుత్వం కింద, ఒకే కష్టసుఖాల మధ్య ఉన్నవారు.

ఆ కష్టాలలో ఒకటి బ్యాంకులపై అపనమ్మకం. 1906లో మద్రాసులోని ఆర్బత్‌నట్ కంపెనీ కూలిపోయింది. దొరల కంపెనీ గదా, దానికేం ఢోకా అని దాచుకున్న వేలాది కుటుంబాలు నష్టపోయాయి. ఆ దెబ్బ తరువాతనే, మన డబ్బు మన చేతుల్లోనే ఉండాలన్న పట్టుదలతో మద్రాసులో 1907లో ఇండియన్ బ్యాంకు వెలసింది. అంతకు ముందే, 1906లోనే, మంగుళూరులో అమ్మెంబాళ సుబ్బారావు పై గారు నేటి కెనరా బ్యాంకుకు పునాది వేశారు. అదే ఏట ఉడిపిలో హాజీ అబ్దుల్లా గారి పూనికతో కార్పొరేషన్ బ్యాంకుగా తరువాత పేరొందిన సంస్థ పుట్టింది. ఒక్క జిల్లా ఇన్ని బ్యాంకులకు పుట్టినిల్లు కావడం మన దేశ చరిత్రలో విశేషమే.

అదే వరుసలో 1925లో ఉడిపిలో పుట్టినది 'కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్'. తరువాతి రోజులలో సిండికేట్ బ్యాంకుగా మనకందరికీ తెలిసినది అదే. స్థాపకులు ముగ్గురు: వ్యాపారి అయిన ఉపేంద్ర అనంత పై, ఇంజనీరు అయిన వామన శ్రీనివాస కుడ్వ, వైద్యుడైన డాక్టర్ టి.ఎం.ఎ. పై. మూలధనం ఎనిమిది వేల రూపాయలు. చేనేత పరిశ్రమ సంక్షోభంలో పడి, స్థానికంగా నేతగాళ్ళు దిక్కుతోచక ఉన్న రోజులవి. వారికి చేయూతనివ్వడమే ఈ సంస్థ పుట్టుకకు కారణం.

ఇక్కడ మన బందరును తలచుకోకుండా ముందుకు సాగలేను. అంతకు రెండేళ్ళ ముందు, 1923లో, బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కూడా వృత్తిరీత్యా వైద్యులే. ఒకే మద్రాసు రాష్ట్రంలో, రెండేళ్ళ ఎడంలో, తూర్పు తీరాన ఒక వైద్యుడు, పడమటి తీరాన మరొక వైద్యుడు బ్యాంకులు పెట్టడం కాకతాళీయమే కావచ్చు. కాని నాకొక ఊహ. రోగి ఇంటికి వెళ్ళి చూసే అలవాటున్న వైద్యుడికి, ఆ ఇంట్లో జబ్బు ఒక్కటే కాక మందు కొనలేని లేమి కూడా కనపడుతుంది. నాడి పట్టుకున్న చేతికి మొదట తెలిసేది జ్వరమే. వెనువెంటనే తెలిసేది అప్పు.

సరే, బ్యాంకు పెట్టారు. ఎవరికోసం పెట్టారో ఆ నేతగాడు, ఆ చేపలమ్మే మనిషి, ఆ బీడీలు చుట్టే ఇల్లాలు బ్యాంకులోకి వస్తారా? రారు. ఎందుకు రారో ఆలోచిస్తేనే తరువాతి కథ విలువ తెలుస్తుంది.

మొదటిది, సిగ్గు. బల్ల వెనుక కోటు తొడుక్కుని కూర్చున్న గుమాస్తా ముందు, రెండణాలు పట్టుకుని నిలబడడానికి ఏ పేదవాడికీ ధైర్యం చాలదు. రెండవది, కాలం. రోజుకూలీ మీద బతికేవాడు బ్యాంకు తెరిచి ఉండే వేళకు వెళ్ళాలంటే పూట పని మానుకోవాలి. రెండణాలు దాచడానికి అంతకు మించిన కూలి పోగొట్టుకోవాలి. మూడవది, చదువు. సంతకం చేయలేనివాడికి కాగితమంటే భయం. ఇక నాలుగవది బ్యాంకు వైపునుంచి వచ్చే చిక్కు. రెండణాలు జమ కట్టించుకోవడానికి గుమాస్తా రాసే రాత, ఆ రాతకు పట్టే సిరా, కాగితం, వేళ అన్నీ లెక్క కడితే, ఆ రెండణాల మీద వచ్చే లాభం కంటే ఖర్చే ఎక్కువవుతుంది. కనుకనే లోకంలో చాలా బ్యాంకులు పేదవాడిని పొమ్మనవు, రమ్మనీ అనవు. వాడు రాకపోవడమే వాటికి సుఖం.

అలాగని పేదవాడు దాచుకోవడం ఎరగనివాడా? ఎంతమాత్రం కాదు. కొంగుముడి, పోపులపెట్టె, మట్టిముంత, గోడగూడు మన ఇళ్ళలోని పాత బ్యాంకులే. కాని వాటికి వడ్డీ లేదు, తాళం లేదు. మగవాడి కంట పడితే మిగలదు, పండుగ వస్తే నిలవదు, జబ్బు చేస్తే చాలదు. అందుచేత చివరికి వాడు వెళ్ళేది వడ్డీ వ్యాపారి దగ్గరికే.

ఇక్కడే అసలు చమత్కారం ఉంది. ఆ వడ్డీ వ్యాపారి పద్ధతి చూడండి. అతడు అప్పుతీసుకున్నవాడిని తన దుకాణానికి రమ్మని కూర్చోడు. రోజూ సాయంకాలం, చేతిలో డబ్బు ఆడే వేళకు, తానే వచ్చి గడప ముందు నిలబడి కిస్తీ వసూలు చేసుకుంటాడు. నేటికీ మన పట్టణాలలో కూరగాయల బళ్ళవాళ్ళ దగ్గర జరిగే రోజువారీ వడ్డీ వ్యాపారమంతా ఇదే. పేదవాడి చేతిలో డబ్బు ఏ వేళకు ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో బ్యాంకుల కంటే ముందు అతడికే తెలుసు.

1928లో సిండికేట్ వారు ప్రారంభించిన 'పిగ్మీ డిపాజిట్' పథకం సరిగ్గా ఈ నడకనే ఎంచుకుంది. అదే మనిషి, అదే గడప, అదే సాయంకాలం. కాని డబ్బు ప్రవహించే అర్థం తలకిందులైంది. ఇంతకు మునుపు గడపకు వచ్చినవాడు నిన్నటి అప్పు వసూలు చేసుకునేవాడు. ఇప్పుడు వచ్చినవాడు రేపటి కోసం దాచిపెడతానని అడుగుతున్నాడు. బ్యాంకు తరఫున ఏజెంటు ఇంటింటికీ, దుకాణం దుకాణానికీ తిరిగి, రోజుకు రెండణాల నుండి మొదలుకొని చిన్న చిన్న మొత్తాలు వసూలు చేసి, ఖాతాదారు పుస్తకంలో రాసి, ఆ డబ్బును శాఖలో జమ కడతాడు. గడువు తీరాక ఖాతాదారుకు మొత్తం వడ్డీతో సహా ముడుతుంది.

రెండణాలంటే రూపాయిలో ఎనిమిదో వంతు. ఎనిమిది రోజులకు ఒక రూపాయి. ఏడాది పొడుగునా ఒక్క రోజు తప్పకుండా కడితే 730 అణాలు, అంటే 45 రూపాయల 10 అణాలు. ఎనిమిది వేల రూపాయలతో ఒక బ్యాంకే మొదలైన రోజులలో, ఒక కూలివాడి ఇంట నలభై ఐదు రూపాయలు ఒక్కచోట చేరడమంటే ఏమిటో చదువరులే ఊహించుకోవచ్చు. రోజూ రెండణాలు కట్టే అటువంటి మనుషులు 176 మంది చేరితే, వారు ఒక్క ఏడాదిలో దాచినది ఆ బ్యాంకు తొలి మూలధనాన్నే చేరుకుంటుంది! చిన్నవాడి దగ్గర డబ్బు లేదన్నది అబద్ధం. చిన్నవాడి దగ్గరికి వెళ్ళే దారి లేదన్నదే నిజం.

'పిగ్మీ' అన్న పేరుకు గ్రీకు భాషలో 'పిడికెడు మనిషి' అన్నంత అర్థం. ఆంగ్లంలో మరుగుజ్జుకు పేరైంది. మన భాషలో చెప్పాలంటే వామనుడు. ఆ ముగ్గురు స్థాపకులలో ఒకరి పేరు వామనుడే కావడం యాదృచ్ఛికం. మూడడుగుల నేల అడిగినవాడు మూడు లోకాలూ కొలిచిన కథ తెలిసిన దేశంలో, రెండణాలు అడిగిన పథకానికి అంతకంటె తగిన పేరు దొరకదు.

ఆస్ట్రియా దేశపు ఆర్థికశాస్త్రవేత్త షుంపీటర్ 1911లో వెలువరించిన గ్రంథంలో, ఎంటర్‌ప్రెన్యూర్ చేసే పని 'కొత్త కూర్పు' అని నిర్వచించాడు. కొత్త వస్తువు కావచ్చు, కొత్త పద్ధతి కావచ్చు, కొత్త విపణి కావచ్చు. ఉన్నవాటినే కొత్తగా కూర్చడం ప్రధానం. ఆ తరువాత చాలాకాలానికి, 1978లో, గిఫర్డ్ పించో అనే అమెరికన్, నడుస్తున్న సంస్థ లోపలే ఉండి కొత్త పనికి పూనుకునేవాడికి 'ఇంట్రాప్రెన్యూర్' అని పేరు పెట్టాడు. ఈ శాస్త్రాల తూకంలో పిగ్మీ పథకాన్ని పెట్టి చూస్తే అది అక్షరాలా సరిపోతుంది. అందులో కొత్త వస్తువేదీ లేదు. డిపాజిట్ పాతది, వడ్డీ పాతది, గడపకు వచ్చే మనిషి మరీ పాత. కూర్పు మాత్రమే కొత్త.

ఆ కూర్పులో మరొక లోతైన ఏర్పాటు ఉంది. ఏజెంటుకు జీతం లేదు. వసూలు చేసిన డబ్బు మీద కమీషను మాత్రమే. వసూలు పెరిగితే బ్యాంకుకు ఖర్చు పెరుగుతుంది. వసూలు లేకపోతే ఖర్చూ లేదు. ఇందాక చెప్పిన నాలుగో చిక్కు, రెండణాల జమకు అంతకు మించిన ఖర్చు అన్నది, ఈ ఒక్క ఏర్పాటుతో విడిపోయింది. చిక్కు విడిపోయిందంటే మాయమైందని కాదు సుమా. అది బ్యాంకు నెత్తి మీది నుండి దిగి ఏజెంటు నెత్తి మీద కూర్చుంది. వాన కురిసి వీధులు మూతపడితే బ్యాంకుకు నష్టం లేదు. ఏజెంటుకు ఆ రోజు కూలి లేదు. ఏజెంటుకు జ్వరం వస్తే సెలవు లేదు. ముసలితనం వస్తే పింఛను లేదు.

నేను ఉద్యోగం చేసిన ఒక పట్టణంలో మా బడి ఎదుట కాఫీ హోటలుండేది. సాయంకాలం బడి విడిచే వేళకు ఒక పిగ్మీ ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిలుకు ఒక రెక్సిన్ సంచి, జేబులో రెండు రంగుల కలాలు. హోటలు యజమానితో మొదలుపెట్టి, కిళ్ళీ కొట్టు, పూలమ్మి, సైకిలు రిపేరు షాపు వరుసగా చుట్టి, దీపాలు పెట్టే వేళకు మలుపు తిరిగేవాడు. పూలమ్మి కూతురి పెళ్ళికి మంచి రోజు ఎప్పుడుందో నన్ను కనుక్కొని ఆమెకు చెప్పినవాడు అతడే. ఆ పెళ్ళి గడువూ డిపాజిట్ గడువూ ఒకే నెలలో పడేలా లెక్క చూసినవాడూ అతడే. 'మీరు బ్యాంకులో పనిచేస్తారు గదా' అని ఎవరైనా అంటే నవ్వి, 'బ్యాంకు కోసం పనిచేస్తానండీ' అనేవాడు. ఆ విభక్తి ప్రత్యయంలోని భేదం వ్యాకరణం చెప్పే నాకు అప్పట్లో చెవిన పడింది గాని, దాని బరువు చాలాకాలానికి గాని తెలిసిరాలేదు.

ఇతర బ్యాంకులు కూడా వేరువేరు పేర్లతో ఇటువంటి పథకాలే తెచ్చాయి. 1963లో సిండికేట్ బ్యాంకు అన్న పేరు స్థిరపడి, మరుసటి ఏడు ప్రధాన కార్యాలయం మణిపాల్‌కు మారింది. 1969 జూలై 19న జాతీయం చేసిన పద్నాలుగు బ్యాంకులలో అదీ ఒకటి. ప్రైవేటు సంస్థ పోయి ప్రభుత్వ సంస్థ వచ్చింది. గుమాస్తాలకు, అధికారులకు వేతన ఒప్పందాలు వచ్చాయి. సైకిలు మీది మనిషి మాత్రం ఎక్కడివాడక్కడే ఉన్నాడు.

చివరికి ఆ మనిషి ప్రశ్న వేశాడు. మేము బ్యాంకు పనివాళ్ళమా, కామా? 1980లో కేంద్ర ప్రభుత్వం ఈ వివాదాన్ని పరిష్కారం నిమిత్తం పారిశ్రామిక న్యాయస్థానానికి పంపింది. ఆ న్యాయస్థానం ఉన్నది మన హైదరాబాదులో. ఉడిపిలో మొలకెత్తిన పద్ధతికి ధర్మసందేహం తీర్చే బాధ్యత తెలుగు రాజధాని మీద పడింది.

బ్యాంకుల వాదన ఇది: వీరు మా ఉద్యోగులు కారు, స్వతంత్రంగా పనిచేసుకునే కాంట్రాక్టర్లు. వీరికి పనివేళలు లేవు, వయోపరిమితి లేదు, నిర్ణీత విద్యార్హత లేదు. వేరే వృత్తి చేసుకోవడానికి అడ్డు లేదు. మేమిచ్చేది కమీషను, అది వేతనం కాదు. ఏజెంట్ల వాదన: పుస్తకాలు బ్యాంకువి, ఫారాలు బ్యాంకువి, లెక్క చెప్పుకోవలసింది బ్యాంకుకు, వసూలైన డబ్బు చేరవలసిన గడువు పెట్టినది బ్యాంకు. ఇంక స్వాతంత్ర్యం ఎక్కడిది?

భాష చదువుకున్నవాడిని కాబట్టి నాకు ఇక్కడ మరొక మాట గుర్తుకొస్తుంది. 'ఉద్యోగం' అన్న మాటకు కూడా సంస్కృతంలో మూలార్థం ప్రయత్నమే. భారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరికీ కొలువు దొరకలేదు! తెలుగులో అది నెల జీతపు కొలువుగా మారింది. ఆ ఏజెంట్ల వివాదమంతా ఈ రెండర్థాల మధ్యనే నడిచింది. వారికి సంస్కృతపు ఉద్యోగం నిండుగా ఉంది. తెలుగు ఉద్యోగమే లేదు.

హైదరాబాదు న్యాయస్థానం 1988లో తీర్పు చెప్పింది. డిపాజిట్ వసూలుదార్లు చట్టం దృష్టిలో కార్మికులేనని తేల్చింది. వసూలు ఒక కనీస స్థాయిలో ఉన్నవారికి నెలకు 750 రూపాయల కనీస భృతి, తిరుగుడు ఖర్చులు, సేవాకాలాన్ని బట్టి గ్రాట్యుటీ ఇమ్మన్నది. బ్యాంకులు అంగీకరించలేదు. వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, అటుపిమ్మట సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2001 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది: వీరు కార్మికులే, చేసిన పనికి ముట్టే కమీషను కూడా వేతనమే, బ్యాంకుకూ వీరికీ ఉన్నది యజమాని–పనివాడి సంబంధమే. అయితే బ్యాంకు గుమాస్తాలతో సమానమైన వేతన శ్రేణి మాత్రం వారికి దక్కలేదు. సగం గడప దాటినట్టయింది.

1928కీ 2001కీ మధ్య 73 ఏళ్ళు. ఒక పద్ధతి పుట్టి, దేశమంతా పాకి, పాఠ్యగ్రంథాలకెక్కి, దాన్ని మోసినవాడికి 'నీవు పనివాడివే' అని చెప్పడానికి పట్టిన కాలమది. ఎవరినో నిందించడానికి ఈ లెక్క చెప్పడం లేదు. పద్ధతిని కనిపెట్టినవారు దుర్మార్గులు కారు. ఆ కమీషను ఏర్పాటే లేకపోతే ఆ రెండణాల ఖాతాయే ఉండేది కాదన్నదీ సత్యమే. కాని ఒక సేవ చవకగా దొరుకుతున్నదంటే, ఆ చవక ఎవరి ఖర్చులో నుండి వచ్చిందని అడగడం మన ధర్మం. అడగకపోతే చరిత్ర సగమే రాసినట్టు.

ఈ ప్రశ్న పాతబడిపోయిందనుకుంటే పొరపాటు. 2006 జనవరిలో రిజర్వు బ్యాంకు, బ్యాంకులు తమ తరఫున ఊళ్ళలో సేవలందించడానికి 'బిజినెస్ కరెస్పాండెంట్లను' నియమించుకోవచ్చునని అనుమతించింది. శాఖ లేని ఊళ్ళో ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక చిన్న యంత్రం: ఇదీ ఏర్పాటు. పేరు కొత్తది, యంత్రం కొత్తది, నడక మాత్రం ఉడిపి వీధులదే. దీనిని మొదట పెద్ద ఎత్తున ప్రయత్నించిన చోట్లలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉపాధి హామీ కూలి, వృద్ధుల పింఛను వేలిముద్ర గల స్మార్ట్‌కార్డుల ద్వారా ఊళ్ళోనే చెల్లించే పథకం అది. ఊళ్ళో డబ్బు పంచే బాధ్యతకు ఆ ఊరి స్త్రీనే, అదీ స్వయం సహాయక బృందంలో సభ్యురాలైన స్త్రీనే ఎంచుకోవాలన్న నియమం పెట్టారు. పొదుపు బృందాలు నడిపి లెక్క నేర్చిన చేతులకే ఆ లెక్క అప్పగించారన్నమాట.

ఆ పథకం ఫలితాలను మురళీధరన్, నీహౌస్, సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఎనిమిది జిల్లాలలో, 157 మండలాలలో పరిశీలించి 2016లో ప్రకటించారు. ఉపాధి కూలి తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ సగటున 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో కారిపోయే డబ్బు నూటికి 41 వంతులు తగ్గింది. గడప దగ్గరికి వెళ్ళడం దానం కాదు, దక్షత అని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

2014 ఆగస్టులో జనధన యోజన వచ్చాక ఈ మనుషులే 'బ్యాంక్ మిత్ర'లయ్యారు. పేరులో మైత్రి ఉంది. ఆదాయం మాత్రం ప్రధానంగా కమీషనే. మధ్యన మరొక కంపెనీ కూడా చేరింది: బ్యాంకుకూ మిత్రకూ నడుమ ఆ కంపెనీ, దాని వాటా. 'బ్యాంకులో' కాదు, 'బ్యాంకు కోసం' అన్న ఆ సైకిలు మనిషి విభక్తి, ఈనాడు 'బ్యాంకు కోసం పనిచేసే కంపెనీ కోసం' అని మరింత సాగింది.

ఇప్పుడు ఫోనులోనే చెల్లింపులు జరిగిపోతున్నాయి గదా, ఈ తిరుగుడు మనిషితో పనేమిటని కొందరడగవచ్చు. 2016లో యూపీఐ వచ్చింది. పూలమ్మి బుట్ట పక్కన కూడా ఆ గళ్ళ చీటీ నిలబడింది. మంచిదే. కాని అది ఇచ్చిపుచ్చుకోవడాన్ని సులువు చేసింది, దాచుకోవడాన్ని కాదు. ఖర్చు చేయడానికి మనకు ఎవరి ప్రోద్బలమూ అక్కరలేదు, దాచడానికి కావాలి. రోజూ ఒకే వేళకు వచ్చి, 'ఇవాళ ఎంత రాయమంటారు' అని అడిగే మనిషి ముందు 'ఏమీ లేదు' అనడానికి మొహమాటపడి దాచుకున్న డబ్బు ఎన్ని ఇళ్ళు నిలబెట్టిందో! ఆ మొహమాటాన్ని ఏ యంత్రం పుట్టించగలదు?

2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో విలీనమైంది. అదే రోజున మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇద్దరు వైద్యులు రెండు తీరాలలో నాటిన రెండు మొక్కలు, పేర్లు పోగొట్టుకున్నదీ ఒకే నాడు. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజది. వీధులలో మనిషి సంచారం లేదు. గడప గడపకూ తిరగడమే ప్రాణంగా బతికిన బ్యాంకు పేరు, ఎవరూ గడప దాటని నాడు తొలగిపోయింది.

ఆ రోజున వెలువడిన వార్తలలో ఆస్తులూ శాఖలూ కోట్లూ లెక్కగట్టారు. రెండణాలు మొదటిసారి పుచ్చుకుని పుస్తకంలో రాసిన ఆ తొలి ఏజెంటు పేరేమిటో మాత్రం నాకెక్కడా కనపడలేదు. వ్యవసాయం సంకల్పించినవారి విగ్రహాలు మనకున్నాయి, ఉండవలసిందే. దున్నినవారి పేర్లు కూడా దొరికినంతవరకు రాసిపెట్టుకుందాం. మీ ఊరి వీధిలో అటువంటి మనిషి తిరిగి ఉంటే, అతడు ఏ వేళకు వచ్చేవాడో, ఎవరెవరి గడపల ముందు ఆగేవాడో, ఆ డబ్బుతో ఎవరింట ఏ శుభకార్యం జరిగిందో, తీరిక చేసుకుని కింద వ్యాఖ్యలలో రాయండి. పుస్తకాలలో లేని చరిత్ర చాలావరకు మన జ్ఞాపకాలలోనే ఉంది.

స్వస్తి.